నాన్న వేలిముద్ర వేసిన కాగితం

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా నాన్నకు డెబ్బై ఒకటి. చక్కెర జబ్బు, అరికాలిలో మానని పుండు. మొన్న ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షలో చేర్చుకుంటామని ఒడియా కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు. నేను మందుల కోసం వరుసలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆయన బొటనవేలి నీలి సిరాను పంచె అంచుకు తుడుచుకుంటున్నారు. "మన మంచికేనని చెప్పారు" అన్నారు. ఆయన ఒడియా మాట్లాడతారు, చదవలేరు. తెలుగులో చక్కగా సంతకం చేస్తారు! వేలిముద్ర ఎందుకు? ఇప్పుడు వద్దంటే కట్టు కట్టడం కూడా మానేస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు (జయపురం, విశ్రాంత నర్సు):
భయపడకండి బాబూ. 2019 క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద కొత్త మందుల పరీక్షలు) నియమాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలోనే వివరించాలి, చదవలేని వారికైతే ఆ పరీక్షతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, మామూలు వైద్యం ఆగకూడదు. ముందు పత్రం నకలు అడగండి, అది మీ హక్కు. రోగుల హక్కులను కాపాడేందుకు పరీక్షను పర్యవేక్షించే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఫోను నంబరు అందులోనే ఉండాలి.

జవాబు (బరంపురం నుంచి):
2009లో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. టీకా మంచిదే. అడగకపోవడమే తప్పు.

ప్రశ్న అడిగినవారు:
నకలు ఇచ్చారు. రాత్రి పక్కింటి మాస్టారు ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే నాన్న మధ్యలో ఆపి అడిగారు: "సగం మందికి మందు లేని ఉత్త మాత్రేనా?" ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. సోమవారం ఆయనే వెళ్లి మాట్లాడతారట.