ఇంజిన్ స్టార్ట్ చేయగానే కారులోని కంప్యూటర్ ఆగిపోతోంది, ఏం చేయాలి?

మా పాత కారులో పాటలకూ, మ్యాపులకూ, వెనుక కెమెరాకూ ఒక చిన్న కంప్యూటర్ అమర్చుతున్నాను. 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, దాని మీదే 6 వాట్ల ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, డేటా దాచడానికి తిరిగే భాగాలు లేని ఒక ఎస్ఎస్‌డీ. మన గతుకుల రోడ్లకు హార్డ్ డిస్కు తట్టుకోదని ముందే వద్దనుకున్నాను.

ఇంట్లో అడాప్టర్ మీద చక్కగా నడిచింది. కారులో మాత్రం తాళం తిప్పిన ప్రతిసారీ ఆగి, మళ్లీ మొదటి నుంచి లేస్తోంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆ క్షణంలో బ్యాటరీ 12 వోల్టుల నుంచి 8కి పడిపోతోంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 దాటుతోంది. బోర్డుకేమో నిలకడగా 12 కావాలి. ప్రస్తుతానికి బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగాను (తిట్టకండి, ఫ్యూజు వేశాను).

6 నుంచి 30 వోల్టుల వరకు ఎంత వచ్చినా తీసుకుని నిలకడగా 12 ఇచ్చే డీసీ-డీసీ పవర్ సప్లై కొంటే సరిపోతుందా, మధ్యలో చిన్న బ్యాటరీ కూడా పెట్టాలా? తాళం తీశాక కంప్యూటర్ దానంతట అదే షట్‌డౌన్ అయ్యేలా ఎవరైనా చేశారా? మొన్న ఆపడం మరచిపోయాను. అసలే పాత బ్యాటరీ, తెల్లారేసరికి ఖాళీ. నలుగురం కలిసి కారు తోయాల్సి వచ్చింది.

ఇంకో భయం, మే నెల ఎండ. ఫ్యాన్ లేని బోర్డును సీటు కింద పెట్టాను. అక్కడ తట్టుకుంటుందా, డిక్కీలోకి మార్చమంటారా?