విక్టోరియా కాలం నాటి ఫ్రిల్ శాలువా: పత్రికలో కొలతలు సగమే ఉన్నాయి, ఎలా కుట్టాలి?

కెంట్‌వాసి: ఇంగ్లండ్‌లోని రోచెస్టర్‌లో నవలాకారుడు డికెన్స్ పేరిట జరిగే ఉత్సవానికి వేసుకుందామని 1850ల నాటి మహిళా పత్రికలోంచి ఒక శాలువా నమూనా తీసుకున్నాను. అగ్గిపెట్టెంత బొమ్మ, చుట్టూ కొన్ని అంకెలు, అంతే. అంచుకి ఫ్రిల్ వేయమన్నారు కానీ ఎంత పొడవు కావాలో రాయలేదు. బొమ్మని పెద్దది చేసి ప్రింట్ తీస్తే అంకెలకీ గీతలకీ పొంతన లేదు. టాఫెటా (గరగరలాడే సిల్కు బట్ట) కొనేశాను, కత్తెర పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

బాబిన్‌కేస్: టాఫెటా జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ బొమ్మ ఆకారం తెలియడానికే, స్కేలు ప్రకారం గీసింది కాదు. అంకెలు మాత్రం తీసుకుని బ్రౌన్ పేపర్ మీద వెనక మధ్యగీతతో మొదలుపెట్టండి. పాయింట్లు పెట్టి, వంపులు చేత్తో కలపండి. కుట్టుకి అర అంగుళం మీరే కలుపుకోవాలి. ఇంగ్లిష్ పత్రికల్లో ‘నెయిల్’ అని ఉంటే గజంలో పదహారో వంతు, అంటే 2¼ అంగుళాలు. సైజు కూడా ఒక్కటే ఇచ్చేవారు. సైజులవారీ పేపర్ ప్యాటర్న్‌లు అమెరికన్ దర్జీ బటరిక్ అమ్మడం 1863లో కానీ మొదలవలేదు.

తర్వాత కోరా గుడ్డతో ఒకటి కుట్టి చూడండి. లోపల క్రినోలిన్ (గౌను ఉబ్బి నిలిచేలా చేసే గట్టి లోలంగా) వేస్తారా?

కెంట్‌వాసి: లేదండీ, రెండు లంగాలు మాత్రమే.

బాబిన్‌కేస్: అయితే వెనక భాగం తగ్గించాల్సి రావచ్చు. ఉబ్బిన గౌను మీద పరుచుకునేలా గీసింది మామూలు లంగా మీద వేలాడిపోతుంది. ఆ గౌనూ లంగాలూ వేసుకునే చూడండి. అప్పటి గౌన్లకి భుజం కుట్టు చేతి మీదకి జారి ఉండేది, టీషర్టు మీద చూస్తే తేడా వస్తుంది.

ఫ్రిల్ లెక్క ఆ కోరా గుడ్డ అంచు కొలిచాకే. టాఫెటాకి ఒకటిన్నర రెట్లు చాలు, పల్చటి మస్లిన్‌కైతే రెండు రెట్లు. అంచు 4 గజాలు వచ్చిందనుకోండి, 144 అంగుళాలు. ఒకటిన్నర రెట్లంటే 216. మీ బట్ట పన్నా 44 అయితే, అతుకులకీ చివరి మడతలకీ పోయేది కలుపుకుని అడ్డంగా 6 పట్టీలు కావాలి. ఒక్కోటి 7 అంగుళాల వెడల్పంటే 42 అంగుళాల బట్ట. కుచ్చు పోసేటప్పుడు మూలల దగ్గర ఎక్కువ సర్దండి, లేకపోతే అక్కడ ఫ్రిల్ లోపలికి ముడుచుకుంటుంది.

పాతపెట్టె: ఇంత శ్రమెందుకు, అంచుకి చీరలకి చేసినట్టు పికో చేయించేస్తే సరిపోదా?

బాబిన్‌కేస్: చేయించొచ్చు, కానీ ఓణీ అంచులా కనిపిస్తుంది. ఆ రోజుల్లో పళ్ల అంచున్న ఇనుప పనిముట్టుని సుత్తితో కొట్టి సిల్కు అంచు కత్తిరించేవారు. జిగ్‌జాగ్ కత్తెరతో దాదాపు అదే రూపం వస్తుంది. నేత దట్టంగా ఉండాలి. ముందు చిన్న ముక్క కత్తిరించి గోరుతో గీకండి. పోగులు ఊడితే సన్నగా మడిచి హెమ్మింగ్ చేయండి.

కెంట్‌వాసి: గీకి చూశాను, ఊడుతోంది. హెమ్మింగే. కుచ్చు మెషిన్ మీద పోయొచ్చా?

బాబిన్‌కేస్: పోయొచ్చు. పెద్ద కుట్టుతో పావు అంగుళం ఎడంగా రెండు వరసలు వేసి, రెండు దారాలూ కలిపి లాగండి. మొత్తం ఒకేసారి లాగితే దారం తెగుతుంది. ఫ్రిల్‌నీ అంచునీ ఎనిమిది భాగాలుగా గుర్తు పెట్టుకుని, ఒక్కో భాగానికి విడిగా లాగండి.