అప్‌డేట్: అమ్మ ఫోన్‌లో కౌన్సెలర్‌తో మాట్లాడింది

నెల కిందట అడిగాను. పలమనేరులో మా అమ్మకు రొమ్ము క్యాన్సర్, మూడు వారాలకోసారి కీమోకి తిరుపతి తీసుకెళ్తున్నాం. రాత్రుళ్లు నిద్రపోదు, ఊరికే ఏడుస్తుంది. ఫోన్‌లో కౌన్సెలింగ్ అంటే "నాకేమన్నా పిచ్చా?" అంటుంది, ఎలా ఒప్పించాలి అని.

ఒప్పుకుంది. "మానసిక వైద్యం అనే మాటే ఎత్తొద్దు, నిద్ర గురించి అడగమనండి" అని మీలో ఒకరు రాశారు. అదే పనిచేసింది. కీమో రోజు నర్సమ్మతోనూ చెప్పించాను. "దిగులు, నిద్ర పట్టకపోవడం ఈ జబ్బులో చాలామందికి ఉంటాయమ్మా. వాంతులకు మందు వేసుకోవడం లేదా? దీనికీ అంతే" అందామె. నేను వారం చెప్పినా ఎక్కనిది ఆమె ఒక్క మాటతో ఎక్కింది.

14416కి చేశాం, టెలీ మానస్ అని, ఫోన్‌లోనే కౌన్సెలింగ్ ఇచ్చే సర్కారు లైను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దీనికోసం మళ్లీ బస్సెక్కనక్కర్లేదు, ఒళ్లు నీరసంగా ఉన్న మనిషికి అదెంత ఊరటో!

మొదటిసారి తప్పు నాదే. స్పీకర్ పెట్టి పక్కనే కూర్చున్నాను. "అంతా బాగుంది" అని అమ్మ 2 నిమిషాల్లో పెట్టేసింది. రెండోసారి ఇయర్‌ఫోన్లు ఇచ్చి, మిద్దె మీదికి పంపి, నేను అంగడికి వెళ్లిపోయాను. 40 నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో అడగలేదు. మీ ఇంట్లోనూ దయచేసి అడగకండి.

నిద్ర ఇంకా సరిగా లేదు, ఆ సంగతి క్యాన్సర్ డాక్టరుకూ చెప్పాం. నిన్న మాత్రం ఆ కౌన్సెలర్ గురించి అమ్మే అడిగింది: "మళ్లీ ఎప్పుడు చేయమనిందిరా ఆ పాప?"