ఫిజియో క్లినిక్‌లో పేషెంట్ల వీడియోలు, కేస్ షీట్లు బయటికి పోకుండా ఏం చేయాలి?

ప్రశ్న (ఫిజియో, గుంటూరు):
నాలుగు బెడ్ల క్లినిక్. స్ట్రోక్, మోకాలి మార్పిడి కేసులే ఎక్కువ. నడక వీడియోలు మా సొంత ఫోన్లలో తీసి వాట్సాప్ గ్రూపులో చర్చించుకుంటున్నాం. బంధువులు ఫోన్ చేసి అడిగితే ఎంతవరకు చెప్పొచ్చు? పాత కేస్ షీట్లు అట్టపెట్టెల నిండా ఉన్నాయి, ఏం చేయాలి?

జవాబు (న్యూరో ఫిజియో):
ముందు సొంత ఫోన్లో తీయడం ఆపండి సార్. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే వీడియో మీ సొంత ఖాతాలోకి వెళ్లిపోతుంది. క్లినిక్ పేరు మీద సిమ్ లేని ట్యాబ్ ఒకటి పెట్టండి: పిన్ లాక్, బ్యాకప్ ఆఫ్, కెమెరాలో లొకేషన్ ఆఫ్.

నడక చూడ్డానికి మొహం అక్కర్లేదు. అలాగని నడుము దగ్గర కోసేస్తే ఒళ్లు పక్కకి వాలడం, చేయి ఊగకపోవడం తెలియవు. మెడ కింది నుంచి పాదాల దాకా ఫ్రేమ్ పెట్టండి. తర్వాత బ్లర్ చేద్దాం అనుకుంటే అసలు ఫైలు ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. గొంతు విన్నా, పచ్చబొట్టు చూసినా మనిషిని పోల్చేస్తారు, కాబట్టి ఆడియో తీసేయండి. ఫైలుకి పేరు బదులు నంబరు పెట్టి, ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం బీరువాలో ఉంచి తాళం వేయండి.

వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవలేకుండా చేసే రక్షణ) ఉందన్న ధీమా వద్దు. గ్రూపులో ఎంతమంది ఉంటే అన్ని ఫోన్లలో కాపీ పడుతుంది, ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల ఫోన్లో కూడా అది ఉండిపోతుంది. రిసెప్షన్ కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేశారేమో లింక్డ్ డివైసెస్‌లో చూసుకోండి.

జవాబు (ఆక్యుపేషనల్ థెరపిస్ట్):
బంధువుల సంగతి మొదటి రోజే తేల్చుకోవాలండీ. ఎవరికి చెప్పొచ్చో పేషెంటునే అడిగి, పేరూ నంబరూ ఫారంలో రాయించి సంతకం తీసుకోండి. ఫోన్ వస్తే అప్పుడే చెప్పేయకుండా, ఫారంలో ఉన్న నంబరుకి మీరే తిరిగి చేయండి.

స్ట్రోక్‌తో మాట పోయినవాళ్ల విషయంలో ఎక్కువ తప్పు జరుగుతుంది. మాట పోతే అర్థం చేసుకునే శక్తి కూడా పోయిందనుకుని కొడుకునే అడిగేస్తారు. "మీ అబ్బాయికి చెప్పమంటారా?" అని చిన్న ప్రశ్న వేసి, అవును, కాదు బొమ్మలు చూపించండి. కాసేపాగి "చెప్పొద్దంటారా?" అని తిప్పి అడగండి. రెండు జవాబులూ పొసగితేనే లెక్క.

కర్టెన్ కంటికే అడ్డం, చెవికి కాదు. మూత్రం ఆగకపోవడం లాంటి వివరాలు తలుపు మూసిన గదిలోనే అడగాలి. హెచ్ఐవీ ఉన్నవాళ్ల ఫైలు మీద ఎర్ర గుర్తు వేసే అలవాటు మానాల్సిందే. చేతులు కడుక్కోవడం, అవసరమైనచోట గ్లవ్స్ అందరికీ ఒకటే అయినప్పుడు ఆ గుర్తుతో పనేముంది? 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం పేషెంటు ఒప్పుకోకుండా ఆ విషయం బయటపెట్టకూడదు కూడా.

ప్రశ్న (ఫిజియో, గుంటూరు):
కంపెనీ హెచ్ఆర్ వాళ్లు రిపోర్టు అడుగుతుంటారు, వాళ్లకేం ఇవ్వాలి?

జవాబు (రికార్డ్స్ విభాగం):
జబ్బు పేరు రాయకండి. "ఆరు వారాలు పది కిలోలకి మించి ఎత్తకూడదు" అని పరిమితి మాత్రం రాసి, కాగితం పేషెంటు చేతికే ఇవ్వండి.

పెట్టెల విషయం. డాక్టర్లకి 2002 నియమావళి కనీసం మూడేళ్లు రికార్డు ఉంచమంటుంది, మీరూ అంతకు తగ్గించకండి. యాక్సిడెంట్ కేసులైతే కోర్టులో తేలేదాకా కదపొద్దు. మిగతావి పాత పేపర్లకి అమ్మొద్దు, పొట్లాల కాగితాలై ఊరంతా తిరుగుతాయి. ముక్కలుగా కోసే క్రాస్‌కట్ ష్రెడ్డర్ కొనండి. పొడుగు పట్టీలుగా కోసేదైతే మళ్లీ అతికించి చదవొచ్చు. కంప్యూటర్లోకి ఎక్కించినవాటికి 2023 డేటా రక్షణ చట్టం వర్తిస్తుంది. దాని రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. స్కాన్ చేయించేముందే ఎవరెవరికి పాస్‌వర్డ్ ఉండాలో నిర్ణయించుకోండి.