కాలేజీ ప్రవేశాల సదస్సుకి సెషన్ ప్రతిపాదన ఎలా రాయాలి?

ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్, టెక్కలి వైపు

అందరికీ నమస్కారం. పిల్లల్ని పైచదువుల్లో చేర్చడం గురించి విశాఖలో ఒక సదస్సు జరగబోతోంది. సెషన్ ప్రతిపాదనలు పంపమంటున్నారు. 250 మాటల్లో సారాంశం, వచ్చినవాళ్ళకి దానివల్ల ఏం ఉపయోగం, ఎంత సమయం కావాలి, ఇవి రాయాలి. నేను ఇదివరకు ఇలాంటిది రాయలేదు. మా పిల్లలు ఎక్కువమంది మందస, మెళియాపుట్టి వైపు ఊళ్ళనుంచి వస్తారు. ఇంటర్ పాసవుతారు, డిగ్రీలో మాత్రం కనబడరు. ఆడపిల్లలైతే మరీను. "ఉత్తరాంధ్ర గ్రామీణ విద్యార్థులు, ఉన్నత విద్య: సవాళ్ళు, పరిష్కారాలు" అని శీర్షిక అనుకున్నాను. బాగుందా? ఎక్కడ మొదలెట్టమంటారు?

జవాబు: డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, విజయనగరం

మేడమ్, ముందు ఆ శీర్షిక తీసేయండి. ఇలాంటి ప్రతిపాదనలు చదివి ఎంపిక చేసే పని కొంతకాలం చేశాను. "సవాళ్ళు, పరిష్కారాలు" అన్నవి కట్టలకొద్దీ వస్తాయి. ఎంత చదివినా ఆ గదిలో గంటసేపు ఏం జరుగుతుందో అర్థం కాదు. మీకు తెలిసినంత దగ్గరగా ఆ పిల్లలు తెలిసినవాళ్ళు ఆ సదస్సులో కొద్దిమందే ఉంటారు. ఆ బలం మొత్తం ఒక్కచోట పెట్టండి.

ఇంటర్ ఫలితాలొచ్చిన రోజుకీ డిగ్రీ క్లాసులో కూర్చునే రోజుకీ మధ్య మీ పిల్లలు సరిగ్గా ఎక్కడ ఆగిపోతున్నారు? అదొక్కటే సెషన్. అదేమిటో ఊహించొద్దు, రిజిస్టరు తియ్యండి. పోయినేడు పాసైనవాళ్ళ పేర్లు రాసి, పక్కన నాలుగు గడులు గీయండి: దరఖాస్తు పెట్టారా, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్లో ఎంచుకోవడం) ఇచ్చారా, సీటొచ్చాక చేరారా, దసరా తరవాత కూడా వెళ్తున్నారా. ఫోన్లు చేసి నింపండి. ఏ గడి దగ్గర పేర్లు రాలిపోతున్నాయో మీకే కనబడుతుంది.

డిగ్రీ సీట్లు 2020-21 నుంచి ఓఏఎండీసీ అనే రాష్ట్ర ప్రవేశాల వ్యవస్థ ద్వారా ఆన్‌లైన్లో ఇస్తున్నారు కదా, అందరూ వెబ్ ఆప్షన్ల గురించే మాట్లాడతారు. నేను చూసినంతలో చిక్కు అంతకంటే ముందే ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. కుల ధ్రువపత్రంలో తండ్రి పేరు ఇంకోలా ఉంటుంది. సరే, అవన్నీ సర్దుకున్నా ఓటీపీ వెళ్ళేది తండ్రి ఫోనుకి. ఆయన చెన్నైలో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, పని మీదుండగా ఫోన్ తియ్యడు. నెట్ సెంటర్లో అమ్మాయి నాలుగుసార్లు ఫోన్ చేస్తుంది, ఈలోగా గడువు దాటిపోతుంది, వెనక క్యూలో వాళ్ళు గొణుగుతారు. రేపొస్తానని లేచి వెళ్ళిన పిల్ల మళ్ళీ రాదు. ఫీజు కట్టలేకో, చదువు మీద ఇష్టం లేకో కాదు. ఈ సంగతి సదస్సుల్లో ఎవరూ చెప్పరు, మీరు చెప్పాలి.

దేశంలో ఉన్నత విద్య స్థూల నమోదు నిష్పత్తి, అంటే 18-23 ఏళ్ళ జనాభాతో పోలిస్తే పైచదువుల్లో చేరినవాళ్ళ శాతం, 2021-22లో 28.4. దాన్ని 2035 కల్లా 50కి తేవాలని 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం. ఇది ఒక్క వాక్యంలో రాసి వదిలేయండి, పరిశీలించేవాళ్ళకి కంఠతా వచ్చు. మీ నాలుగు గడుల లెక్క మాత్రం వాళ్ళకి ఇంకెక్కడా దొరకదు.

జవాబు: రిటైరైన హెడ్మాస్టరు, బొబ్బిలి

అమ్మా, ఒక్క మాట. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు మొదట అడిగేది ఏ కోర్సు అని కాదు, సాయంత్రం బస్సు ఎన్నింటికి అని. ఆప్షన్లు పెట్టేటప్పుడు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంటే తరవాత "అంత దూరం వద్దు" అన్న మాట తగ్గుతుంది. మీ సెషన్లో దానికి చోటివ్వండి.

జవాబు: గిరిజన సంక్షేమ పాఠశాల ఉపాధ్యాయురాలు, పార్వతీపురం

రెండు విషయాలు చేరుస్తాను. మన విజయనగరంలో 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో డిగ్రీ సీట్లు ఓఏఎండీసీలో రావు, సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. దాని దరఖాస్తు గడువు మామూలుగా ఇంటర్ ఫలితాలు రాకముందే అయిపోతుంది. కాబట్టి ఫలితాల రోజు నుంచి లెక్క మొదలెడితే ఆ దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. సీనియర్ ఇంటర్ పిల్లలకి సంక్రాంతి సెలవులకి ముందే చెప్పాలి.

రెండోది, జిల్లా అంకెలు వాడితే ఏ జిల్లావో చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి ఇటు వచ్చేశాయి. 2011 జనాభా లెక్కల్లో ఉన్న శ్రీకాకుళం ఇప్పటి శ్రీకాకుళం కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రిజిస్టరు ముందేసుకుని ఫోన్లు చేశాను. మా దగ్గర మొదటి గడిలోనే ఆగిపోతున్నారు, దరఖాస్తే పూర్తవడం లేదు. కాగితాల్లో పేర్లు కలవకపోవడం, ఓటీపీ, ఈ రెండే ఎక్కువ విన్నాను. ఇప్పుడు ఇంకో సందేహం. ఇద్దరమ్మాయిల్ని తీసుకెళ్ళి మాట్లాడించనా? వాళ్ళ సర్టిఫికెట్లు తెరమీద చూపించవచ్చా?

జవాబు: డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, విజయనగరం

సర్టిఫికెట్లు వద్దండీ. ఆధార్ నంబరు, కులం, ఆదాయం ఉన్న కాగితం తెరమీద వెయ్యకూడదు, పేరు చెరిపినా ఊళ్ళోవాళ్ళు పోల్చేస్తారు. అమ్మాయిలకి నిజంగా ఇష్టముంటే, ఇంట్లో ఒప్పుకుంటే తీసుకెళ్ళండి. పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. అక్కడ తమ కష్టం చెప్పుకోమని మాత్రం అడగొద్దు. కాగితాలు ఎలా సరిచేసుకున్నారో చూపించమనండి, గదిలో వాళ్ళే టీచర్లవుతారు.

దానికి మీరే ఒక కల్పిత విద్యార్థిని తయారుచేయండి. మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, నాలుగూ నమూనాగా రాసి, మూడు చోట్ల తేడాలు పెట్టండి. ఒక్కో బల్లకి ఒక్కో కట్ట. పదిహేను నిమిషాల్లో తేడాలు పట్టుకోవాలి, ఏది ముందు సరిచేయించాలో, దానికి ఎక్కడికి వెళ్ళాలో వరస రాయాలి. ఈ పని చేసిన ప్రిన్సిపాల్ ఎవరైనా తిరిగెళ్ళాక డిసెంబరులోనే తన పిల్లల కాగితాలు చూడకుండా ఉండలేరు. గంటలో పది నిమిషాలకి మించి మీరు ఉపన్యసించొద్దు.

ప్రశ్న అడిగినవారు

సారాంశం మొదలు ఇలా రాశాను, చూడండి:

"ఇంటర్ పాసైన అమ్మాయి డిగ్రీ దరఖాస్తు దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? మా కాలేజీ రిజిస్టరు ఆధారంగా ఈ ప్రశ్నకి జవాబు వెతికాం. ఈ సెషన్లో పాల్గొనేవాళ్ళు ఒక నమూనా విద్యార్థి కాగితాలు పరిశీలించి, తేడాలు గుర్తించి, సీనియర్ ఇంటర్ డిసెంబరు నుంచి ప్రవేశాల దాకా తమ కాలేజీకి పనికొచ్చే పట్టిక తయారుచేసుకుని వెళ్తారు."

శీర్షిక: "దరఖాస్తుకి ముందే ఆగిపోతున్న పిల్లలు: కాగితాలు, ఫోను, ఒక పట్టిక".

జవాబు: డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, విజయనగరం

ఇదీ ప్రతిపాదనంటే. "జవాబు వెతికాం" అన్నచోట దొరికిన జవాబే రాసేయండి, దాచుకోనక్కర్లేదు. సమయం అరవై నిమిషాలని పెట్టి, బల్లలు కదిపే వీలున్న గది కావాలని అదే ఫారంలో అడగండి. పంపేముందు మీ రిజిస్టరు అంకెలు ప్రిన్సిపాల్‌గారికి చూపించి అనుమతి తీసుకోండి.