ఈ వారం సమస్య: బరువు లేనట్టి మాటయే బరువు గాదె (తేటగీతి)

నిర్వాహకుడు, నల్లగొండ: సమస్య ఎట్ల పుట్టిందో చెప్తా. మా మనుమరాలు ఇంగ్లీష్ గైడులో ‘పాండరస్’ చూపించి, "తాతా, దీనికి ఆలోచనాపరుడు అని రాయొచ్చా?" అని అడిగింది. కాదు బిడ్డా అన్నాను. లాటిన్‌లో పాండుస్ అంటే బరువు, దాని వెనక పెండెరె, అంటే వేలాడదీసి తూయడం. ‘పాండర్’ అంటే మనసులో తూచుకోవడం కాబట్టి చుట్టరికం నిజమే, కానీ పాండరస్ మాత్రం మోయలేని బరువు దగ్గర మొదలై, ఆ బరువుకు ఒళ్లు కదలని నడకకూ, ఎంత చదివినా ముందుకు సాగని రాతకూ పోయింది. ఆ చివరి అర్థం పట్టుకొని పూరించండి.

మిర్యాలగూడ మిల్లు మనిషి: సన్మానసభలో కూర్చొని ఫోన్లో రాసింది సార్.

మైకు పట్టిన పెద్దలు మానుకొనరు
గంట దాటిన సారము గానరాదు
తాలు బస్తాను వినువాడు తలకు నెత్త
బరువు లేనట్టి మాటయే బరువు గాదె

దేవరకొండ టీచర్: తాలు బస్తా తేలికే కదా అన్నా, బరువెట్లయితది?

మిల్లు మనిషి: గంటసేపు దించకుండా నిలబడు టీచరమ్మా, తెలుస్తది.

నిర్వాహకుడు: జవాబే పూరణ కన్నా బాగుంది! యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి లోపల రావాల్సిన జోడీ అక్షరాలన్నీ, కుదిరాయి. ‘దాటిన’ను ‘దాటినా’ అని చదువుకోవాలి, అదొక్కటే కొంచెం ఇరుకు.

పాలమూరు మనుమడు:

నెలలు గడిచెను ఫైలింక కదల లేదు
పింఛ నడిగిన పెండింగు పేరు చెప్ప
అవ్వ చెవులకు బండరా యగుచు దాకె
బరువు లేనట్టి మాటయే బరువు గాదె

నిర్వాహకుడు: మొదటి పాదంలో ‘నె’కు ‘క’తో యతి చెల్లదు నాయనా. ‘ఫైలింక నిలిచి యుండె’ అను, నె–ని సరిపోతుంది, అర్థమూ చెడదు. మూడో పాదంలో బండరాయి మన దిక్కుది, దాన్ని ముట్టుకోకు.

దేవరకొండ టీచర్: తెలిసి రాశాడో తెలియక రాశాడో గానీ, పింఛను, పెండింగ్ రెండూ ఆ పెండెరె సంతానమే! పింఛను అంటే మొదట్లో తూచి చెల్లించేది, పెండింగ్ అంటే వేలాడేది. పాండరస్‌కు ఇద్దరూ దాయాదులే.

పాలమూరు మనుమడు: తెలియకనే రాసిన మేడం. మా అవ్వకు తూచి ఇచ్చుడు లేదు, వేలాడదీసుడు ఒక్కటే. పాదం మార్చిన సార్. అవ్వకు చదివి వినిపిస్తే, "యతి సంగతి సరే, పైసలెప్పుడు పడ్తయి?" అంటున్నది.