పసుపు ఎలుకలు లావెక్కడానికి కారణం వాటి రంగేనా?

వనజ (ప్రశ్న)

నమస్కారం. జన్యుశాస్త్రం చదివిన వారందరికీ పసుపు ఎలుకల 2:1 నిష్పత్తి (పిల్లల్లో రెండు పసుపువైతే ఒకటి వేరే రంగుది) గుర్తుండే ఉంటుంది. పసుపు ఎలుకలను వాటిలో వాటికే జతకట్టించినా శుద్ధమైన పసుపు వంశం రావడం లేదని ఫ్రెంచి శాస్త్రవేత్త లూసియెన్ క్యూనో 1905లో తెలిపారు. రెండు ప్రతులూ పసుపువే అయిన పిండాలు పుట్టకముందే చనిపోవడం దీనికి కారణమని 1910లో కాజిల్, లిటిల్ చూపించారు. ఆ ఎలుకలు వయసుతో పాటు లావెక్కుతాయనీ, వాటి రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుందనీ, కణితులు కూడా వాటికి ఎక్కువగా వస్తాయనీ పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ తరువాత వీటన్నింటినీ ‘ఒకే జన్యువు, అనేక ప్రభావాలు’ అన్న శీర్షిక కింద చేర్చి పాఠం ముగించారు.

నాకు అది చాలలేదు. వెంట్రుకల్లోని పసుపు వర్ణకమే ఏదో విధంగా కొవ్వు చేరడానికి దారితీస్తున్నదా, లేక రంగూ బరువూ ఒకే మూలం నుంచి విడివిడిగా పుడుతున్నాయా? ఇవి నిజంగా ఒకే జన్యువు పనులేనా, పక్కపక్కన ఉన్న రెండు జన్యువులు ఒకేసారి చెడిపోవడం వల్ల కలిగినవా అన్నది ఎలా తేల్చారు? ఒకవేళ ఈ పసుపు రంగుకు మూలమైన అగూటి జన్యువే లావు చేసేదైతే, ఆ జన్యువు పని చేయని సీ57 బ్లాక్ 6 అనే నల్లని ప్రయోగశాల ఎలుకలు బక్కచిక్కి ఉండాలి కదా, అవి అలా ఎందుకు లేవు?

మూషికవాహన

వనజ గారూ, మీ మూడు సందేహాలకూ ఒకే చోట నుంచి దారి దొరుకుతుంది: అగూటి ప్రోటీన్ మామూలుగా ఎక్కడ తయారవుతుంది, పసుపు ఎలుకలో ఎక్కడెక్కడ తయారవుతోంది అన్న ప్రశ్న నుంచి.

అడవి ఎలుక వీపు మీది వెంట్రుకను ఒకటి పీకి భూతద్దం కింద చూస్తే కొన నల్లగా ఉంటుంది, దాని కిందనే సన్నని పసుపు పట్టీ కనబడుతుంది, అక్కడి నుంచి మొదలు దాకా మళ్లీ నలుపే. వెంట్రుక పెరిగే చక్రంలో కొద్ది రోజుల పాటు మాత్రమే రోమకూపంలోని కణాలు అగూటి ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. పక్కనే ఉన్న, వర్ణకాన్ని తయారుచేసే మెలనోసైట్ కణాల మీద ఎంసీ1ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్ దానిని ప్రేరేపిస్తే నల్లని యూమెలనిన్ తయారవుతుంది, అగూటి ప్రోటీన్ వచ్చి అడ్డుకుంటే పసుపు ఛాయ గల ఫియోమెలనిన్ తయారవుతుంది. ఆ అడ్డు ఉన్న కొద్ది రోజుల గుర్తే మనకు కనబడే పట్టీ. ఈ ప్రోటీన్ దూరం వెళ్లి పనిచేసేది కాదు, తాను పుట్టిన చోటి పరిసరాలకే పరిమితం.

1992లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ పరిశోధకులు ఈ జన్యువును వేరుచేసిన తరువాత అసలు సంగతి బయటపడింది. పసుపు ఎలుకలో ప్రోటీన్ చెడిపోలేదు. చర్మంలో కొద్ది రోజులే పనిచేయవలసిన జన్యువు శరీరమంతటా నిరంతరం పనిచేస్తోంది. దానితో మెదడులోని హైపోథాలమస్‌లో కూడా అగూటి ప్రోటీన్ తయారవుతోంది. అక్కడ ఎంసీ1ఆర్‌కు దగ్గరి చుట్టమైన ఎంసీ4ఆర్ అనే గ్రాహకం ఉంది, ఆకలిని తగ్గించి శక్తి వ్యయాన్ని పెంచే సంకేతాలు దాని ద్వారానే నడుస్తాయి. అగూటి దానిని కూడా అడ్డుకుంటుంది కాబట్టి ఎలుక ఎక్కువ తింటుంది, తక్కువ ఖర్చు చేస్తుంది.

ఇది ఊహ కాదని చెప్పడానికి నాకు బాగా నచ్చే ఆధారాలు రంగునూ బరువునూ విడదీసిన ప్రయోగాలు. ఎంసీ1ఆర్ జన్యువే చెడిపోయిన ‘రిసెసివ్ ఎల్లో’ ఎలుకలు నిలువెల్లా పసుపుగా ఉంటాయి, కానీ లావెక్కవు. అంటే ఫియోమెలనిన్‌కు కొవ్వుతో సంబంధం లేదు. దీనికి సరిగ్గా తిరగబడ్డ ఉదాహరణ 1997లో వచ్చింది: ఎంసీ4ఆర్ జన్యువును తొలగించిన ఎలుకలు బాగా లావెక్కాయి, ఇన్సులిన్ పెరిగింది, శరీరం పొడవు కూడా పెరిగింది, బొచ్చు రంగు మాత్రం చెక్కుచెదరలేదు. ఇక అగూటి జన్యువునే తీసుకుని చర్మంలో మాత్రమే పనిచేసే ప్రమోటర్ (జన్యువు ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ మీట) తగిలించి ఎలుకలో ప్రవేశపెడితే పసుపు రంగు వచ్చింది, లావు రాలేదు. శరీరమంతటా పనిచేసే ప్రమోటర్ తగిలిస్తే రెండూ వచ్చాయి. పక్క జన్యువు మీద మీకున్న అనుమానం, కనీసం రంగు, బరువుల విషయంలో, ఈ చివరి ప్రయోగంతో తీరిపోతుంది. ఎందుకంటే అక్కడ కొత్తగా చేర్చినది అగూటి జన్యువొక్కటే.

నల్ల ఎలుకలు ఎందుకు బక్కచిక్కవంటారా? మెదడులో ఈ పని అగూటిది కాదు కాబట్టి. అక్కడ ఎంసీ4ఆర్‌ను అడ్డుకునేది అగూటికి పోలికలున్న ఏజీఆర్‌పీ అనే మరో ప్రోటీన్, అది కూడా 1997లోనే వెలుగులోకి వచ్చింది. నల్ల ఎలుకలో ఏజీఆర్‌పీ యథాతథంగా ఉంటుంది. పసుపు ఎలుక మెదడులోకి వచ్చిన అగూటి, లేని కొత్త పనిని కల్పించుకోలేదు, ఏజీఆర్‌పీ చేసే పనిని అదుపు లేకుండా చేస్తోంది.

చలపతి

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, పిండాల మరణం గురించి వేరుగా చెప్పుకోవాలి. పాఠ్యపుస్తకాలు అసలు పొరబడేది అక్కడే. ‘లీథల్ ఎల్లో’ అనే ఆ పాత యుగ్మవికల్పంలో (జన్యువు మారు రూపంలో) 2వ క్రోమోజోమ్ మీద లక్షకు పైగా బేస్ జతల ముక్క తెగిపోయింది. ఆ ముక్కలో అగూటికి ఎగువన ఉండే రాలీ అనే జన్యువులోని ప్రోటీన్ భాగమంతా పోయింది, దానితో పాటు మరో అవసరమైన జన్యువు కూడా పోయింది. మిగిలిన రాలీ ప్రమోటర్ మాత్రం వచ్చి అగూటికి అతుక్కుంది. రాలీ శరీరమంతటా పనిచేసే జన్యువు. పక్కింటి కరెంటు తీగకు మన ఇంటి దీపం తగిలించినట్టు, అగూటి పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది.

కాబట్టి రంగూ లావూ అగూటి చోటు తప్పినందువల్ల వచ్చినవి, రెండు ప్రతులున్న పిండాలు చనిపోవడం మాత్రం పక్క జన్యువులు పోయినందువల్ల జరిగినది. వనజ గారు అడిగిన ‘ఒకే జన్యువా, పక్క జన్యువా’ అన్న ప్రశ్నకు ఈ ఒక్క ఉత్పరివర్తనంలోనే రెండు జవాబులూ ఉన్నాయి. ‘వయబుల్ ఎల్లో’ యుగ్మవికల్పంలో ఏ ముక్కా తెగిపోలేదు, అందుకే ఆ ఎలుకలు రెండు ప్రతులతో కూడా బతుకుతాయి, పసుపుగానూ ఉంటాయి, లావుగానూ ఉంటాయి.

మహోగనీ ఎలుకల సంగతి కూడా చేర్చవలసినదే. అట్రాక్టిన్ అనే ప్రోటీన్ లోపించిన ఈ ఎలుకల్లో అగూటి తన పని సరిగా చేయలేదు. పసుపు ఎలుకలోకి ఈ లోపాన్ని తెస్తే రంగు ముదురుతుంది, లావూ తగ్గుతుంది. కానీ ఎంసీ1ఆర్ చెడిపోయి పసుపైన ఎలుక రంగును ఇది మార్చలేదు. గ్రాహకానికి ముందు మెట్టులోనే దీని పని ఉందని అలా తెలిసింది. లావుకు మందు దొరికిందనుకునే లోపే ఆ ఎలుకల మెదడు కణజాలం స్పాంజిలా గుల్లబారుతుందని కూడా తేలింది.

వనజ

ఇద్దరికీ ధన్యవాదాలు. మా విభాగంలో వయబుల్ ఎల్లో ఎలుకలతో ఒక చిన్న అధ్యయనం చేయాలన్న ఆలోచన ఉంది. ఒకే జన్యు నేపథ్యం ఉన్న తోబుట్టువుల్లోనే ఒకటి నిండు పసుపుగా, ఒకటి మచ్చలుగా, ఒకటి అడవి ఎలుక రంగులో ఉంటాయని చదివాను. పాలు మాన్పించే నాటి రంగును చూసి, పెద్దయ్యాక దాని బరువును అంచనా వేయవచ్చా?

భారతి

వేయవచ్చు, జాగ్రత్తలతో. ఈ యుగ్మవికల్పంలో అగూటికి ఎగువన ఐఏపీ అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ (తన ప్రతులను జీనోములో వేరే చోట్ల చేర్చుకోగల డీఎన్ఏ ముక్క) వచ్చి చేరింది. దాని మీద మిథైల్ గుర్తులు (డీఎన్ఏను పనిచేయనివ్వకుండా ఆపే రసాయన గుర్తులు) తక్కువగా ఉంటే అది అగూటిని అన్ని కణజాలాల్లోనూ నడిపిస్తుంది, ఎలుక పసుపుగా పుట్టి లావెక్కుతుంది. గుర్తులు దట్టంగా ఉంటే అది మూగబోతుంది, అగూటి తన సొంత ప్రమోటర్ కింద వెంట్రుక చక్రంలో మాత్రమే పనిచేస్తుంది. అలాంటి ఎలుకకు అడవి ఎలుక రంగు వస్తుంది, శరీరం సన్నగానే ఉంటుంది. ఈ స్థితి పిండ దశ తొలినాళ్లలోనే స్థిరపడి కణజాలాలన్నింటిలో ఒకే తీరున కనబడుతుంది కాబట్టే చర్మం చూసి మెదడు సంగతి చెప్పగలుగుతున్నాం. 2003లో వాటర్‌ల్యాండ్, జర్టిల్ అనే పరిశోధకులు గర్భిణి ఎలుకల ఆహారంలో ఫోలిక్ ఆమ్లం, బీ12, కోలీన్, బీటైన్ చేర్చినప్పుడు పిల్లల రంగు గోధుమ వైపు జరిగింది. దానిని చూసి జీనోములోని ఐఏపీలన్నీ ఆహారానికి ఇలాగే స్పందిస్తాయని అనుకోకండి. ఇది అరుదైన చోటు.

తల్లులుగా నల్లని వాటినే పెట్టుకోండి, యుగ్మవికల్పం తండ్రి నుంచి రానివ్వండి. తల్లి పసుపుదైతే దాని లావూ ఇన్సులినూ గర్భంలోని పిల్లలపై ఏ ప్రభావం చూపాయో విడదీయడం కష్టం. పైగా తల్లి రంగు పిల్లల రంగు మీద కొంత ప్రభావం చూపుతుందని ఇప్పటికే తెలుసు, తండ్రి విషయంలో అది కనబడలేదు. ఇలా జతకట్టిస్తే ప్రతి ఈతలోనూ సుమారు సగం నల్ల పిల్లలు పుడతాయి, పోలికకు అంతకంటే మంచివి దొరకవు. రంగు శ్రేణిని ఇద్దరు విడివిడిగా, ఏ పిల్ల ఏ గుంపుదో తెలియకుండా నిర్ణయించాలి. లెక్కల్లో యూనిట్ పిల్ల కాదు, ఈత. ఈ ఒక్క విషయం పట్టించుకోక కాగితం మీద నిలబడి, గణాంకాల్లో కూలిన ఫలితాలు చాలానే ఉన్నాయి.

బరువు ఒక్కటే తూస్తే మోసపోతారు. పసుపు ఎలుకలు పొడవుగా కూడా పెరుగుతాయి కాబట్టి ముక్కు నుంచి తోక మొదలు వరకు పొడవును, వీలైతే కొవ్వు శాతాన్ని కూడా కొలవండి. పాలు మాన్పించే నాటికి తేడా పెద్దగా ఉండదు, ఆ తరువాతి వారాల్లోనే అంతరం పెరుగుతుంది. మగవాటినీ ఆడవాటినీ కలిపి సగటు తీయవద్దు, రక్తంలో చక్కెర పెరగడం మగవాటిలోనే ప్రధానంగా కనబడుతుంది. గది ఉష్ణోగ్రతను కూడా రాసిపెట్టుకోండి. మనకు హాయిగా అనిపించే 22 డిగ్రీలు ఎలుకకు చలి, అది సుఖపడేది 30 డిగ్రీల దగ్గర, అందువల్ల తిన్నదానిలో గణనీయమైన భాగం ఒంటి వేడికే పోతుంది.

మూషికవాహన

వ్యాధుల గురించి ఒక మాట. రంగుతో ముడిపడిన రోగాలన్నీ అగూటి దారిలో రావు. ‘బీజ్’ అనే రకం ఎలుకలో రంగు వెలిసిపోవడం, రోగనిరోధక కణాలు మందగించడం కలిసి కనబడతాయి, ఎందుకంటే వర్ణకాన్ని నింపుకునే సంచులూ ఆ కణాల్లోని సంచులూ ఒకే యంత్రాంగంతో తయారవుతాయి. మనుషుల్లో చెడియాక్-హిగాషి వ్యాధికి కారణం అదే జన్యువు. కిట్ జన్యువు దెబ్బతిన్న ఎలుకల్లో తెల్ల మచ్చలు, రక్తహీనత, వంధ్యత్వం కలిసి వస్తాయి, అక్కడ మూడు రకాల మూలకణాలకూ ఒకే గ్రాహకం కావాలి.

అగూటి దారికి మనుషుల్లో సాక్ష్యం 1998లో దొరికింది. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్‌కు ముడిసరుకైన పీఓఎంసీ జన్యువు పూర్తిగా చెడిపోయిన పిల్లలకు ఎర్ర జుట్టూ, చిన్ననాటి నుంచే తీవ్రమైన ఊబకాయమూ ఉన్నాయి. 2022లో అగూటి జన్యువే చోటు తప్పి, ఉండకూడని కణజాలాల్లో పనిచేస్తున్న ఒక బాలిక గురించి ప్రచురించారు, ఆమెకూ తీవ్రమైన ఊబకాయమే. పీఓఎంసీ లోపం వంటి కొన్ని అరుదైన జన్యు లోపాలున్న వారికి ఎంసీ4ఆర్‌ను ప్రేరేపించే సెట్‌మెలనోటైడ్ అనే మందును 2020లో అమెరికా ఆమోదించింది. ఆ మందు ఎంసీ1ఆర్‌ను కూడా కొంత ప్రేరేపిస్తుంది కాబట్టి, బరువు తగ్గడంతో పాటు రోగుల చర్మం నల్లబడటం దాని సాధారణ దుష్ప్రభావంగా నమోదైంది.